హాస్టల్లో ఉన్నా ఓటు మనదే
(శ్రీరంగాపూర్‌లో గిరిజన యువత సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 లంబాడా తండాల నుంచి, ఎరుకల వాడల నుంచి, నల్లమల చెంచు పెంటల నుంచి చదువుల కోసం పట్నాలకు పోయి, ఈ రెండు రోజుల కోసం వచ్చిన తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ మాటలు ముఖ్యంగా మీ కోసమే.

నంగారా మోగింది, ఆటా పాటా అయింది. ఇప్పుడు కాసేపు ఓటు గురించి మాట్లాడుకుందాం. ఏ పార్టీకి వేయాలో చెప్పడానికి మేము రాలేదు. అది ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిన సంగతి. ఊరు విడిచి చదువుకుంటున్న పిల్లల పేరు ఓటర్ల జాబితాలో ఎక్కడ ఉండాలి, ఎట్లా ఎక్కించుకోవాలి, ఎక్కిన పేరును ఎట్లా కాపాడుకోవాలి, ఇవే మా ముచ్చట.

ముందు మన లెక్క చూద్దాం. తెలంగాణ శాసనసభలో 119 స్థానాలు. వాటిలో 12 ఎస్టీలకు రిజర్వు అయినవి. ఆ పన్నెండులో ఒక్కటి కూడా మన పాత పాలమూరు జిల్లాలో లేదు. శ్రీరంగాపూర్ మండలం ఉన్న వనపర్తి నియోజకవర్గం జనరల్. గద్వాల, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్, కల్వకుర్తి అన్నీ జనరల్. అలంపూర్, అచ్చంపేట ఎస్సీ రిజర్వుడు. నాగర్‌కర్నూల్ పార్లమెంటు స్థానం కూడా ఎస్సీ రిజర్వుడే. అంటే శాసనసభలో మన తరఫున మాట్లాడే మనిషి రిజర్వేషన్ వల్ల రాడు. గెలిచేవాళ్లు ఎవరైనా మన తండా మాట వినాలంటే మన చేతిలో ఉన్నది ఓటర్ల జాబితాలో మన పేర్ల వరుస ఒక్కటే. ఆ వరుసలో ఎంతమంది ఉన్నారన్నది చూసే తండాకు రోడ్డు, నీళ్లు, బడి గురించి మాట్లాడతారు.

రెండో లెక్క తండా పంచాయతీలది. మన పెద్దలు ఎన్నో ఏండ్లు 'మా తండాలో మా రాజ్యం' అని కొట్లాడారు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో కనీసం 500 జనాభా ఉన్న తండాలు గ్రామపంచాయతీలు అయ్యాయి. ఆ ఏడాది ఆగస్టు 2న కొత్త పంచాయతీలు మొదలయ్యాయి. 2019 జనవరిలో వాటికి మొదటి ఎన్నికలు జరిగాయి. ఐదు వందల జనాభా ఉన్న తండాలో ఓటర్లు ఎంతమంది ఉంటారు? మూడు వందల యాభై, నాలుగు వందలు. వాటిని వార్డులకు పంచితే ఒక్కో వార్డుకు యాభై, అరవై ఓట్లు. అందులో పదిమంది పిల్లలు హైదరాబాద్‌లో, మహబూబ్‌నగర్‌లో చదువుకుంటూ జాబితాలో లేకపోతే, ఆ వార్డు ఫలితమే మారిపోతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. పంచాయతీ ఎన్నికలకు విడిగా ఓటు నమోదు ఉండదు. శాసనసభ ఓటర్ల జాబితానే తీసుకుని వార్డుల వారీగా విడగొడతారు. మున్సిపాలిటీలకూ అంతే. మీ పేరు శాసనసభ జాబితాలో ఏ ఊరిలో ఉంటే సర్పంచ్ ఓటు కూడా ఆ ఊరిలోనే. రేపు మీలో ఎవరైనా తండా సర్పంచ్‌గా నిలబడాలనుకుంటే 21 ఏండ్లు నిండడం ఒక్కటే చాలదు, ఆ పంచాయతీ ఓటరై కూడా ఉండాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. 'నేను ఏడాదిలో పది నెలలు హాస్టల్లో ఉంటా, నా ఓటు ఎక్కడ?' చట్టం ఏమంటుందో చూద్దాం. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం 18 ఏండ్లు నిండి, ఒక నియోజకవర్గంలో సాధారణంగా నివసించే పౌరుడు అక్కడ ఓటరు కావచ్చు. 'సాధారణంగా నివసించడం' అంటే ఏమిటో 20వ సెక్షన్ చెబుతుంది. ఊరిలో ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివాసి అయిపోరు. తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన నివాసి కాకుండా కూడా పోరు. ఈ రెండో మాట మన పాలమూరుకు చాలా పెద్ద మాట. చదువుకు పోయిన పిల్లలకే కాదు, ముంబయికో పుణెకో పనికి పోయి వానాకాలానికి తిరిగొచ్చే మన కుటుంబాలకు కూడా అది రక్ష.

విద్యార్థుల విషయంలో ఎన్నికల సంఘం ఇంకా స్పష్టంగా చెప్పింది. హాస్టల్లోనో, మెస్‌లోనో ఉండి చదువుకునేవాళ్లకు రెండు దారులు ఉన్నాయి. తల్లిదండ్రుల దగ్గర సొంత ఊరిలో ఓటు పెట్టుకోవచ్చు. లేదా హాస్టల్ చిరునామా మీద చదివే చోట పెట్టుకోవచ్చు. రెండో దారికి షరతు ఏమిటంటే, చదివే కోర్సు ప్రభుత్వం, బోర్డు లేదా విశ్వవిద్యాలయం గుర్తించినదై ఉండాలి, కనీసం ఏడాది కాలం ఉండాలి. ప్రిన్సిపాల్ లేదా రిజిస్ట్రార్ లాంటి అధికారి ఇచ్చిన బోనఫైడ్ పత్రం దరఖాస్తుకు జత చేయాలి. మూడు నెలల కోచింగ్ కోసం అమీర్‌పేటలో రూము తీసుకున్నవాళ్లకు ఈ విద్యార్థి వెసులుబాటు వర్తించదు.

రెండు దారుల్లో ఒక్కటే ఎంచుకోవాలి. ఒకరికి రెండు చోట్ల ఓటు ఉండకూడదని అదే చట్టంలోని 17, 18 సెక్షన్లు చెబుతాయి. దరఖాస్తులో తప్పుడు ప్రకటన చేస్తే 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 'తండాలో ఒకటి, పట్నంలో ఒకటి ఉంటే ఏం పోయింది' అని ఎవరైనా చెబితే వినకండి. చెప్పినవాడి మీద కేసు పడదు, సంతకం పెట్టిన మీ మీద పడుతుంది.

మరి ఏది మంచిది? మా మాట నేరుగా చెబుతాం. మీది తండా పంచాయతీ అయితే, పోలింగ్ రోజు వచ్చి వెళ్లగలిగితే, ఓటు ఊరిలోనే ఉంచుకోండి. పట్నంలో మీ ఓటు లక్షల్లో ఒకటి. తండాలో అది మూడు వందల్లో ఒకటి. మీ ఇంటి పట్టా సంగతి, మీ చెల్లెలు పోయే బడి సంగతి ఆ మూడు వందల మందే తేలుస్తారు. కానీ బెంగళూరులోనో, ఢిల్లీలోనో, ఇంకా దూరానో చదువుతూ ఓటు రోజు రాలేమని ముందే తెలిసినవాళ్లు హాస్టల్ చిరునామాకు మార్చుకోవడమే మేలు. ఊరి జాబితాలో పేరుండి ఐదేండ్లూ వేయని ఓటు కంటే, చదివే చోట వేసే ఓటు విలువైనది. చదువు అయిపోయాక మళ్లీ ఊరికి మార్చుకోవచ్చు. ఎన్నిసార్లు మార్చినా రుసుము లేదు.

పోస్టల్ బ్యాలెట్ ఉంది కదా అని కొందరు అడుగుతారు. అది విద్యార్థులకు లేదు. సైన్యంలో ఉన్నవాళ్లు, ఎన్నికల విధుల్లో ఉన్నవాళ్లు, 85 ఏండ్లు దాటిన వృద్ధులు, 40 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్లు లాంటి కొన్ని వర్గాలకే ఆ సౌకర్యం. దూరం నుంచే ఓటు వేసే యంత్రం నమూనాను చూపించడానికి ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీలను పిలిచింది. ఒకే యంత్రం 72 నియోజకవర్గాల ఓటర్లకు పనికొచ్చేలా దాన్ని తయారు చేశారు. పార్టీలు ఒప్పుకోకపోవడంతో అది ముందుకు సాగలేదు. విదేశాల్లో చదివే మనవాళ్లు ఫారం 6ఏ ద్వారా పేరు ఎక్కించుకోవచ్చు గానీ, ఓటు వేయాలంటే వాళ్లు కూడా స్వయంగా రావాల్సిందే.

ఇప్పుడు నమోదు పద్ధతి. ఫోన్ తీసి రాసుకోండి.

మొదటిసారి ఓటరు అయ్యేవాళ్లకు ఫారం 6. ఓటర్స్ డాట్ ఈసీఐ డాట్ జీఓవీ డాట్ ఇన్ అనే వెబ్‌సైట్‌లో గానీ, ఎన్నికల సంఘం యాప్‌లో గానీ నింపవచ్చు. చేతికి వీలుగా ఉంటే కాగితం మీద నింపి బీఎల్ఓకు ఇవ్వవచ్చు. మన ఊళ్లలో బీఎల్ఓ చాలాచోట్ల అంగన్‌వాడీ టీచరో, బడి పంతులో అయి ఉంటారు. మండలంలో తహసీల్దార్ కార్యాలయంలో అడిగినా చెబుతారు. 1950 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

వయసు గురించి ఒక ముచ్చట. ఒకప్పుడు 21 ఏండ్లు నిండితేనే ఓటు. 61వ రాజ్యాంగ సవరణతో 1989లో 18 అయింది. ఇంతకుముందు జనవరి 1 నాటికి 18 నిండాలనే ఒక్క తేదీ ఉండేది. ఫిబ్రవరిలో పుట్టినవాడు దాదాపు ఏడాది ఆగాల్సి వచ్చేది. 2022 నుంచి జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1 అని నాలుగు తేదీలు వచ్చాయి. 17 దాటగానే ముందుగా దరఖాస్తు చేసుకోవచ్చు. 18 నిండాక వచ్చే త్రైమాసికంలో పేరు చేరుతుంది. ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు హాస్టల్‌కు పోకముందే ఊరిలో ఈ పని పూర్తి చేసుకోవచ్చు.

వయసుకు పదో తరగతి మెమో, ఆధార్, జనన ధ్రువపత్రం, పాన్ కార్డు, వీటిలో ఏదైనా సరే. చిరునామాకు కరెంటు బిల్లు, ఆధార్, బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, భూమి పాస్‌బుక్ లాంటివి. తండా ఇంటికి నంబరు లేదని, కాగితం ఏదీ మీ పేరు మీద లేదని ఆగిపోకండి. ఇంట్లో ఇప్పటికే ఓటు ఉన్న అమ్మదో, నాన్నదో ఓటరు కార్డు నంబరు ఫారంలో రాయండి. కాగితాలు చాలకపోతే బీఎల్ఓ ఇంటికి వచ్చి విచారించి తేల్చాలి. కాగితం లేదనే ఒక్క కారణంతో ఫారం తీసుకోకుండా వెనక్కి పంపకూడదు.

మన పిల్లలకు ఎక్కువగా తగిలే చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. బడిలో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో ఇంకోటి. ఒకచోట రాథోడ్, ఇంకోచోట కేతావత్. ఆడపిల్లలకు ఒక పత్రంలో పేరు చివర 'బాయి' ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. ఫారం నింపేటప్పుడు ఏ పత్రం జత చేస్తున్నారో ఆ పత్రంలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయండి. పదో తరగతి మెమోలో ఉన్న పేరే అన్నిచోట్లా ఉండేలా చూసుకుంటే, రేపు స్కాలర్‌షిప్పుకూ ఉద్యోగానికీ కూడా పనికొస్తుంది.

ఇప్పటికే ఓటు ఉండి చోటు మార్చుకోవాలంటే, పేరు సరిచేసుకోవాలంటే, పోయిన కార్డు మళ్లీ కావాలంటే, అన్నింటికీ ఫారం 8. ఇక్కడే చాలామంది పొరబడతారు. హాస్టల్‌కు మారేటప్పుడు మళ్లీ ఫారం 6 నింపితే రెండు చోట్ల పేరు పడుతుంది. పాత పేరు ఉన్నవాళ్లు ఫారం 8 మాత్రమే నింపాలి. పెళ్లయి వేరే తండాకు పోయిన చెల్లెళ్లకు కూడా అదే ఫారం.

ఎప్పుడు చేయాలంటే, ఇప్పుడే. ఎన్నికల షెడ్యూల్ వచ్చాక చూద్దామనుకుంటే కాలం మించిపోతుంది. నామినేషన్ల చివరి తేదీ తర్వాత ఆ ఎన్నిక అయ్యేదాకా జాబితాలో కొత్త పేరు చేర్చరు. దరఖాస్తు మీద అభ్యంతరాలకు గడువు ఇవ్వాలి కాబట్టి, అంతకు పది రోజుల ముందే దరఖాస్తు పడి ఉండాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, పేరు ఎక్కించుకోవడం సగం పనే. నిలబెట్టుకోవడం మిగతా సగం. 2018 డిసెంబర్ 7న మన రాష్ట్రంలో శాసనసభ పోలింగ్ జరిగిన రోజు చాలామంది బూత్‌కు పోయి చూస్తే జాబితాలో పేర్లు లేవు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల కూడా తన పేరు మాయమైందని ఆ రోజు బయటకు చెప్పారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పారు. క్షమాపణ వచ్చింది గానీ ఆ రోజు పోయిన ఓటు తిరిగి రాలేదు. 2025లో బీహార్‌లో ప్రత్యేక సమగ్ర సవరణ జరిగినప్పుడు ముసాయిదా జాబితా నుంచి దాదాపు 65 లక్షల పేర్లు పోయాయి. వాటిలో ఎక్కువ భాగానికి చూపిన కారణం, ఊరు విడిచి వెళ్లారనో, ఇంటి దగ్గర కనబడలేదనో. ఊరికి దూరంగా ఉన్న మనలాంటివాళ్ల పేరే ముందుగా ప్రమాదంలో పడుతుందని దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి.

అందుకే మూడు జాగ్రత్తలు. ఏడాదికి రెండుసార్లు, సంక్రాంతికి ఒకసారి, తీజ్‌కు ఒకసారి, ఫోన్‌లో ఓటరు కార్డు నంబరు కొట్టి పేరు ఉందో లేదో చూసుకోండి. ఇంట్లో అందరివీ చూడండి. ఇది మొదటిది. బీఎల్ఓ ఇంటికి వస్తే 'పిల్లవాడు ఊళ్లో లేడు' అని చెప్పి ఊరుకోవద్దని యాడీకి, బాపుకు చెప్పి పెట్టండి. 'చదువుకు పోయాడు, సెలవులకు వస్తాడు, ఓటు ఇక్కడే' అని చెప్పాలి. 'లేడు' అన్న ఒక్క మాటతో పేరు తొలగింపు మొదలు కావచ్చు. ఇది రెండోది. మూడోది, మీ పేరు తీసేయమని ఎవరైనా ఫారం 7 పెడితే విచారణ చేయాలి, మీ మాట వినాలి. నోటీసు వస్తే పక్కన పడేయకండి. నమోదు అధికారి నిర్ణయం అన్యాయంగా ఉంటే 15 రోజుల్లో జిల్లా కలెక్టర్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి. చదువుకున్నవాళ్లు మీరు. మీ కోసమే కాదు, పనికి పోయిన పక్కింటి కాకా కోసం కూడా ఆ అర్జీ రాయగలిగేది మీరే.

హాస్టల్ చిరునామా మీద దరఖాస్తు చేసుకుంటే 'మీరు ఇక్కడివాళ్లు కాదు కదా' అని ఎవరైనా అనవచ్చు. ఆ మాట మనకొక్కరికే ఎదురైంది కాదు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం వాలర్ కౌంటీలో ప్రెయిరీ వ్యూ అనే నల్లజాతి విద్యార్థుల విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ ఓట్లు నమోదు చేసే అధికారి విద్యార్థులను మాత్రం నీకు ఇక్కడ ఆస్తి ఉందా, చదువయ్యాక ఇక్కడే ఉద్యోగం దొరుకుతుందా అని ప్రశ్నాపత్రం పెట్టి వెనక్కి పంపేవాడు. విద్యార్థులు ఊరుకోలేదు. వ్యవహారం కోర్టుకు పోయింది. 1979లో ఆ దేశ సుప్రీంకోర్టు విద్యార్థుల పక్షాన వచ్చిన తీర్పును ఖాయం చేసింది. చదివే చోట ఓటరయ్యే హక్కుకు ఆ దేశంలో అదే ఆధారమైంది. మనకు ఆ కొట్లాట అక్కర లేకుండానే ఎన్నికల సంఘం నిబంధన ఉంది. బోనఫైడ్ చేతిలో పెట్టుకుని మర్యాదగా, గట్టిగా అడగడమే మిగిలింది.

ఇక ఓటు రోజు సంగతి. ఓటరు కార్డు ఊరిలో మరిచిపోయినా ఓటు వేయవచ్చు, జాబితాలో పేరుంటే చాలు. ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్, డ్రైవింగ్ లైసెన్సు, పాన్ కార్డు లాంటి 12 రకాల కార్డుల్లో ఏదైనా చూపవచ్చు. కాలేజీ గుర్తింపు కార్డు మాత్రం ఆ పన్నెండులో లేదు. ఇంటికి పంచే ఓటరు చీటీ కూడా గుర్తింపు కాదు, అది బూత్ నంబరు తెలుసుకోవడానికే. కాబట్టి ఆధార్ జేబులో పెట్టుకుని బస్సెక్కండి.

బస్సు అంటే గుర్తొచ్చింది. ఎన్నికలప్పుడు హైదరాబాద్‌లో ఉండే మన పిల్లలకు ఎవరెవరో ఫోన్ చేసి 'బండి పెడతాం, వచ్చి వేసి పోండి' అంటారు. అభ్యర్థి తరఫున ఓటర్లను ఉచితంగా బూత్‌కు తరలించడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అవినీతి చర్య. ఎక్కిన బండిని బట్టి వేసే ఓటు మీద ఒత్తిడి పడుతుంది. పెబ్బేరు మీదుగా 44వ జాతీయ రహదారి పోతుంది, ఆర్టీసీ బస్సులకు కొదవ లేదు. చెల్లెళ్లకు 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టే లేదు. తమ్ముళ్లు మాత్రం సొంత టికెట్టు కొనుక్కోండి. మన ఓటు ఖరీదు ఆ టికెట్టు అంత తక్కువ కాదు.

2023 శాసనసభ ఎన్నికల్లో రాష్ట్రమంతా 71 శాతం దాకా పోలింగ్ జరిగితే, హైదరాబాద్ జిల్లాలో సగం కూడా దాటలేదు. చదువు, సౌకర్యం ఉన్న చోటనే ఓటు తక్కువ పడింది. మన తండాల్లో ముసలి యాడీలు ఎండలో వరుసలో నిలబడి వేస్తారు. వాళ్లకు ఓటంటే తండాకు వచ్చిన గుర్తింపు. తెలంగాణ ప్రాంతంలో లంబాడాలను ఎస్టీ జాబితాలో చేర్చింది 1976 చట్టంతో. అంతకుముందు ఎస్టీ హాస్టల్ సీటు లేదు, ఎస్టీ స్కాలర్‌షిప్పు లేదు. ఆ తరం కష్టపడి తెచ్చిన దారిలోనే మనం ఇవాళ హాస్టళ్లకు పోయాం. ఆ హాస్టల్లో పడిన మంచమే మనల్ని ఊరి జాబితా నుంచి దూరం చేయకూడదు.

చివరగా ఒక పని అప్పగిస్తున్నాం. ఇక్కడి నుంచి పోయేలోపు ప్రతి తండా నుంచి ఇద్దరు, ఒక తమ్ముడు, ఒక చెల్లెలు, ముందుకు రండి. మీ తండాలో 17 దాటిన పిల్లల పేర్లు, బయట చదువుతున్నవాళ్ల పేర్లు ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఎవరికి ఫారం 6 కావాలి, ఎవరికి ఫారం 8 కావాలి, ఎవరి పేరు తప్పుగా ఉంది అని మూడు గీతలు గీయండి. సెలవులు అయిపోయేలోపు ఆ గీతల కింద ఒక్క పేరు కూడా మిగలకూడదు. ఎవరి దగ్గరా రూపాయి తీసుకోవద్దు, ఎవరికీ రూపాయి ఇవ్వొద్దు. ఈ పనికి ఖర్చు లేదు. జనవరి 25 జాతీయ ఓటర్ల దినోత్సవం. ఆ రోజుకు మన తండాల జాబితాలు సరిచేసుకుని ఉంటే, అదే మన పెద్దలకు మనం ఇచ్చే గౌరవం.

నోట్‌బుక్‌లు ఆ చివర బల్ల మీద ఉన్నాయి. ఒక్కొక్కరు వచ్చి తీసుకోండి.

జై సేవాలాల్.